నన్నెప్పుడూ ఎత్తుకోని నాన్నగారు ఇప్పుడు నా కూతురి గోళ్ళు తీస్తున్నారు

నిద్రలేనినాన్న — రాత్రి 11:52

అందరికీ నమస్తే. సలహా కోసం కాదు, ఎవరికన్నా చెప్పుకోవాలనిపించి రాస్తున్నా. మా పాపకి తొమ్మిదో నెల. నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి హాల్లో మా నాన్నగారు కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చిన్న కత్తెరతో దాని గోళ్ళు తీస్తున్నారు. అది వేలు లాక్కుంటే ఊరుకుంటున్నారు, అది మర్చిపోయి చెయ్యి మళ్ళీ వదులు చేసేదాకా ఆగి ఇంకోటి తీస్తున్నారు. తీసిన ముక్కలన్నీ ఒక కాయితం మీద పెట్టుకున్నారు, ఎక్కడ నోట్లో పెట్టేసుకుంటుందో అని. పది వేళ్ళకి ఇరవై నిమిషాలు పట్టింది.

నేను గుమ్మంలోనే నిలబడిపోయా. సంతోషం వెయ్యాలి కదా, నాకు కోపం వచ్చింది. నిజంగా. ఈ మనిషి నన్ను ఎత్తుకున్నట్టు ఒక్క జ్ఞాపకం లేదు, ఒక్క ఫోటో లేదు. ఆయన బండి చప్పుడు వినపడితే చాలు టీవీ కట్టేసి పుస్తకం ముందేసుకునేవాళ్ళం. నేను ఏ క్లాసో కూడా అమ్మని అడిగి తెలుసుకునేవారు. నాకిప్పుడు 34, ఇప్పటికీ ఆయన్ని ఏదన్నా అడగాలంటే ముందు లోపల ఒకసారి రిహార్సల్ వేసుకుంటా. మరి ఈ ఓపికంతా అప్పుడు ఎక్కడ దాచారు? మీలో ఎవరికైనా ఇలా అనిపించిందా, లేక నేనే చెడ్డవాణ్ణా?

అర్ధరాత్రి_డైపర్ — 12:10

చెడ్డవాడివి కాదు బ్రో, నిద్ర లేనివాడివి, పేరులోనే ఉంది. మా ఇంట్లోనూ సేమ్. మా నాన్న మా బాబుకి గుర్రం అవుతాడు, నాలుగు కాళ్ళ మీద ఇల్లంతా తిరుగుతాడు, మోకాళ్ళకి రోజూ మాత్ర వేసుకునే మనిషి. నా చిన్నప్పుడు ఆయన కుర్చీలో మేం కూర్చుని ఉంటే దగ్గు వినపడగానే లేచిపోవాల్సిందే. ఓరోజు జోక్‌గా అడిగేశా, నాకెప్పుడూ గుర్రం అవ్వలేదేంటి నువ్వు అని. "అప్పుడు గుర్రం బండి లాగుతోందిరా" అన్నాడు. ఇంకేం మాట్లాడతాం.

లెక్కలటీచర్ — 12:31

డైలాగ్ అదిరింది గానీ బండి ఒక్క గుర్రమే లాగిందా అండీ? మా అమ్మ కూడా ఉద్యోగం చేసింది, సాయంత్రం ఇంటికొచ్చి రెండో ఉద్యోగం మొదలుపెట్టేది. ఆవిడా అలిసిపోయేది, అయినా మా లెక్కలు చూసేది, జ్వరమొస్తే రాత్రంతా కూర్చునేది. అలసట అన్న మాట ఇంట్లో ఒక్కరికే చెల్లుబాటయ్యేది, దాన్ని ఇప్పుడు త్యాగం అంటున్నాం.

పుస్తకాలపురుగు — ఉదయం 6:45

లెక్కలటీచర్ గారి మాట ఒప్పుకుంటా, కానీ ఇక్కడందరూ "పాతకాలం నాన్నలు ఇంతే" అన్నట్టు మాట్లాడుతున్నారు, దాంతో నాకో పేచీ. ఎంత పాతకాలం? పని ఇంట్లోనో పొలంలోనో ఉన్నన్నాళ్ళు, అంటే మనిషి చరిత్రలో చాలా వరకు, పిల్లలు నాన్న కాళ్ళకి అడ్డం పడుతూనే పెరిగారు. మగ్గం పక్కన, కొలిమి పక్కన, నాగలి వెనకాల. ముద్దు చేశాడో లేదో తెలీదు, తిట్టే ఉంటాడు, కానీ పొద్దస్తమానం కళ్ళెదుట ఉన్నాడు, చేతిపని నేర్పింది ఆయనే. ఫ్యాక్టరీలొచ్చి, తర్వాత ఆఫీసులొచ్చి పని ఇల్లు దాటి పోయాకే నాన్న అంటే పొద్దున మాయమై చీకటిపడ్డాక చిరాగ్గా తిరిగొచ్చే మనిషి అయ్యాడు. మనం "సంప్రదాయం" అనుకునే నాన్న నిజానికి కొత్త సరుకే, ఒక రెండొందల ఏళ్ళ వయసుంటుంది అంతే.

అధికారం సంగతి వేరు, అది మాత్రం నిజంగానే పాతది. రోమన్ చట్టంలో ఇంటి పెద్ద బతికున్నన్నాళ్ళూ కొడుక్కి పెళ్ళయి పిల్లలున్నా సూత్రప్రకారం సొంత ఆస్తి ఉండదు, అంతా తండ్రిదే. ఇంగ్లండులో 1839 దాకా మొగుడూ పెళ్ళాం విడిపోతే పిల్లలు తండ్రికే, తల్లికి చూసే హక్కు కూడా గట్టిగా లేదు. కారొలీన్ నార్టన్ అనే రచయిత్రి ముగ్గురు కొడుకుల్ని భర్త తీసుకుపోయాడు, ఆవిడ పట్టువదలకుండా కరపత్రాలు రాసి పోరాడితే ఆ ఏడాది చట్టం వచ్చింది, అదీ ఏడేళ్ళలోపు పిల్లల్ని తన దగ్గర ఉంచమని, అంతకన్నా పెద్దవాళ్ళయితే చూడనివ్వమని తల్లి కోర్టుకి వెళ్ళొచ్చు అని మాత్రమే. ఫ్రాన్సులో చట్టంలోంచి "తండ్రి అధికారం" అన్న మాట తీసేసి "తల్లిదండ్రుల అధికారం" అని రాసుకున్నది 1970లో, అంటే మన అమ్మానాన్నల కాలంలో. కాయితం మీద పిల్లలు నాన్నవాళ్ళు, చాకిరీకి అమ్మవాళ్ళు, చాలాకాలం కథ ఇదే.

ఎదురువాదం — 7:20

చరిత్ర సరే. నేనొకటి అడుగుతా, కొట్టొద్దు. నాన్నంటే కాస్త భయం ఉండడం తప్పా? ఇప్పుడు ప్రతి నాన్నా పిల్లాడికి ఫ్రెండ్ అయిపోతానంటాడు, ఫ్రెండ్స్ వాడికి బయట దొరుకుతారు, నాన్న ఒక్కడే. పైగా పాపని ఎత్తుకోగానే ఫోటో, డైపర్ మార్చగానే ఫోటో, మా నాన్న నా స్కూల్ ఫీజు కట్టినప్పుడు ఎవరూ ఫోటో తియ్యలేదు.

అర్ధరాత్రి_డైపర్ — 7:34

నేను డైపర్ మార్చిన ఫోటో పెడితే ముందు నువ్వే రిపోర్ట్ కొడతావ్ అన్నా 😂

పాతచెప్పులు — 8:05

నాకు 67 ఏళ్ళు. ఈ చర్చలో మీరందరూ తిడుతున్న నాన్నని నేనే అనుకోండి, ఏం అనుకోను. నిన్న రాత్రి నుంచి మూడుసార్లు చదివాను, రాయాలా వద్దా అని.

నిద్రలేనినాన్న గారూ, మాకు పిల్లల మీద ప్రేమ లేదని కాదు, దాన్ని బయటికి ఎలా తియ్యాలో ఎవరూ చూపించలేదు. మా నాన్న మమ్మల్ని పేరు పెట్టి పిలవడం నేను మూడు నాలుగు సార్లు విని ఉంటాను. పదిమంది ముందు కొడుకుని ఎత్తుకుంటే నవ్వుతారేమోనని సిగ్గు, ఇప్పుడు చెబితే మీకు నవ్వొస్తుంది కానీ ఆ సిగ్గు నిజంగా ఉండేది, వీధిలో వెళ్తుంటే పిల్లాడు చెయ్యి చాపితే అటూ ఇటూ చూసి పట్టుకునేవాణ్ణి. రాత్రి వాడు నిద్రపోయాక దుప్పటి సర్దే వంకతో వెళ్ళి వాడి పాదం నా అరచేతిలో పెట్టుకుని చూసేవాణ్ణి. మడమ నా మణికట్టు దగ్గర ఆనిస్తే వేళ్ళు ఎక్కడిదాకా వస్తున్నాయో గుర్తు. ఆ కొలతతోనే చెప్పులు కొనేవాణ్ణి. నాన్న తెచ్చిన చెప్పులు ఎప్పుడూ సరిపోతాయి అని వాడు ఇప్పటికీ అందరికీ చెబుతాడు, ఎలా సరిపోయేవో నేను చెప్పలేదు.

లెక్కలటీచర్ — 8:40

బాబాయ్ గారూ, బస్సులో చదివాను, పక్కావిడ ఏమైందండీ అని అడిగింది. ముందు మీ అబ్బాయికి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పండి.

అయినా ఒక మాట అంటాను, మీరు ఏమీ అనుకోరని తెలుసు కాబట్టి. ఆ పాదం కొలత మీకొక్కరికే తెలుసు, ఆ పిల్లాడికి తెలీదు. వాడి లెక్కలో అది లేదు. పిల్లలకి కనిపించిందే ప్రేమ, దాచుకున్నది మన దగ్గరే ఉండిపోతుంది.

ఇక ఇప్పటి నాన్నల దగ్గరికి వద్దాం, వీళ్ళూ నాకు నచ్చలేదు 🙂 మా ఆయన మంచివాడు, వంట చేస్తాడు, బట్టలు ఆరేస్తాడు, "ఏం చెయ్యాలో చెప్పు, చేసేస్తా" అంటాడు. ఆ చెప్పడమే సగం పని అండీ! టీకా తేదీ ఎప్పుడు, డైపర్ ఏ సైజుకి మారాలి, స్కూల్ నుంచి వచ్చిన కాయితం మీద సంతకం ఎప్పట్లోగా, ఏ మందు పడదు, షూ ఎప్పుడు బిగుతవుతాయి, ఈ పుస్తకం మొత్తం నా బుర్రలో రన్ అవుతూ ఉంటుంది, ఆయన అందులోంచి ఒక లైన్ చదివించుకుని ఆ లైన్ చేసి నాకు హెల్ప్ చేశానంటాడు. అమెరికాలో సర్వేలు చేసే ప్యూ రిసెర్చ్ సెంటర్ వాళ్ళ లెక్క ఒకటి క్లాసులో పిల్లలకి చూపిస్తుంటా, 1965లో నాన్నలు పిల్లల పనికి వారానికి రెండున్నర గంటలు పెట్టేవారట, 2016కి అది ఎనిమిది గంటలైంది. చప్పట్లు. ఆగండి, అమ్మలది అదే కాలంలో పది నుంచి పద్నాలుగు గంటలైంది. నాన్న మూడింతలు చేసినా అమ్మకి ఒక్క గంట తగ్గలేదు, పెరిగింది. పిల్లల్ని పెంచడం అన్నదే ఇద్దరికీ పెద్ద పనైపోయింది.

పుస్తకాలపురుగు — 9:15

ఈ లెక్క ఎప్పుడు చూసినా నాకూ అదే ఆశ్చర్యం.

కిటికీపక్కసీటు — 12:20

నేను స్వీడన్లో పని చేస్తున్నా, ఇక్కడ నాన్నల సంగతి చాలామంది గొప్పగా రాస్తుంటారు కాబట్టి లోపలి కథ చెబుతా. 1974లోనే వీళ్ళు తల్లి సెలవు అన్నదాన్ని తీసేసి తల్లీ తండ్రీ ఎవరైనా తీసుకోగలిగే సెలవు పెట్టారు, ప్రపంచంలో అదే మొదలు. అయితే నాన్నలు ఎగబడి తీసుకున్నారా అంటే లేదు! అంతా తల్లుల పేరు మీదికి మార్చేసేవారు. ప్రభుత్వం 1970ల్లో పోస్టర్లు వేసింది, లెన్నార్ట్ డాల్‌గ్రెన్ అని బరువులెత్తే వస్తాదు, ఎర్రగడ్డం, కండలు, చేతిలో పసిబిడ్డ. మగతనం ఏం తగ్గదురా బాబూ అని చెప్పడానికి. పోస్టర్ ఫేమస్ అయింది, సెలవు మాత్రం అమ్మలే తీసుకున్నారు.

మార్పు ఎప్పుడొచ్చిందంటే 1995లో, ఒక నెల నాన్నకే, ఆయన వాడుకోకపోతే పోయినట్టే, భార్యకి ఇవ్వడానికి లేదు అని రాసేసరికి. దీనికి రెండేళ్ళ ముందు నార్వే మొదలుపెట్టింది ఈ పద్ధతి. ఇప్పుడు ఇక్కడ బిడ్డకి 480 రోజులు, అందులో తొంభై రోజులు ఒక్కొక్కరికి విడిగా, ఇచ్చిపుచ్చుకోవడాల్లేవు. ఇంత చేసినా మొత్తం రోజుల్లో నాన్నలు తీసుకుంటున్నది దాదాపు 30 శాతమే. కానీ ఒకటి పోయింది, సిగ్గు. బాస్ దగ్గర "నాకు సెలవు కావాలి, పిల్లాణ్ణి చూసుకోవాలి" అని నసగక్కర్లేదు, "నా రోజులు పోతాయి" అంటే చాలు. పాతచెప్పులు గారు చెప్పిన ఆ అటూ ఇటూ చూడడం ఉంది చూశారా, దాన్ని పోస్టర్ తియ్యలేకపోయింది, వాడకపోతే పోతుంది అన్న రూలు తీసింది. జపాన్లో తండ్రికి ఏడాదిదాకా సెలవు రాసి పెట్టినా చాలా ఏళ్ళు మగవాళ్ళు ముట్టుకోలేదు, ఆఫీసులో ఏమనుకుంటారో అని.

నేను అయిదు నెలలు తీసుకున్నా. మొదటిరోజు మా ఆవిడకి పదకొండుసార్లు ఫోన్ చేశా, పన్నెండోసారి ఎత్తలేదు, కావాలనే. లెక్కలటీచర్ గారు చెప్పిన ఆ బుర్రలో పుస్తకం నాకు ఆ రోజు చేతికొచ్చింది. ఇంట్లో ఇద్దరూ ఉన్నంతకాలం రాదండీ అది, ఒక్కడివే ఉంటే తప్ప రాదు. మూడో నెలలో మావాడు కిందపడి ఏడుస్తూ వాళ్ళమ్మ పక్కనుంచే దాటుకుని నా దగ్గరికి వచ్చాడు. మా ఆవిడ మొహం చూడాలి, నవ్వింది గానీ.

నైట్‌డ్యూటీ — 3:50

డ్యూటీ దిగి ఇప్పుడే చూశా. పదిహేడేళ్ళుగా కాన్పుల వార్డులో నర్సుని. పాశ్చాత్య దేశాల ఆస్పత్రుల్లో కూడా 1960లు 70ల దాకా భర్తని లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు, బయట వరండాలో పచార్లు చెయ్యాల్సిందే, నాన్న పాత్ర అక్కడే గుమ్మం బయట మొదలయ్యేది. ఇప్పుడు లోపలికి వస్తున్నారు. వచ్చినవాళ్ళలో సగంమంది నన్ను అడిగే మొదటి మాట, "సిస్టర్, నేను ఎక్కడ నిలబడాలి?" భార్య తల దగ్గర, చెయ్యి పట్టుకుని, అని చెబుతా. ఒకతను భయంతో చెయ్యికి బదులు మంచం కమ్మీ పట్టుకున్నాడు రెండు గంటలు, చివర్లో బిడ్డని ఇస్తే వేళ్ళు తెరుచుకోలేదు పాపం, నేనే ఒక్కో వేలూ విప్పా.

నిద్రలేనినాన్న తమ్ముడూ, నీకో మాట. బిడ్డ పుట్టాక డిప్రెషన్ అమ్మలకే అనుకుంటారు, 2010లో చాలా పరిశోధనలు కలిపి చూస్తే నాన్నల్లో కూడా పదిమందిలో ఒకరికి ఉంటోందని తేలింది. మగవాళ్ళలో అది ఏడుపుగా కనపడదు, చిరాకుగా, కోపంగా, ఆఫీసులో ఎక్కువసేపు ఉండిపోవడంగా కనపడుతుంది. నీకు ఉందని అనట్లేదు. నిద్ర ఎన్ని గంటలు పోతున్నావో చూసుకో, వారాల తరబడి ఇలాగే ఉంటే డాక్టర్‌తో మాట్లాడు, నామోషీ ఏం లేదు.

నిద్రలేనినాన్న — 4:30

థాంక్స్ అక్కా. నాలుగు గంటలు, అది కూడా ముక్కలు ముక్కలుగా. చూసుకుంటా.

ఎదురువాదం — 5:10

ఒకటి మాత్రం ఒప్పుకోండి, ప్రకృతిలోనే తల్లి వేరు తండ్రి వేరు. మగాడి ఒంట్లో ఆ మెషినరీ లేదు.

పుస్తకాలపురుగు — 5:42

ఉంది. ఫిలిప్పీన్స్‌లో 624 మంది కుర్రాళ్ళని కొన్నేళ్ళు వెంటాడి ఉమ్మి పరీక్షలు చేశారు, 2011లో అచ్చయింది. తండ్రులైనవాళ్ళలో టెస్టోస్టిరోన్ అనే మగ హార్మోన్ బాగా పడిపోయింది, అందులోనూ రోజుకి మూడుగంటలకి పైగా పిల్లల పని చేసేవాళ్ళలో ఇంకా తక్కువ. అంటే ఒళ్ళు కూడా పని బట్టి మారుతుంది అన్నమాట. మధ్య ఆఫ్రికా అడవుల్లో ఆకా అనే జనం ఉన్నారు, బారీ హ్యూలెట్ అనే మానవశాస్త్రవేత్త వాళ్ళతో ఉండి లెక్కగట్టాడు, రోజులో 47 శాతం సమయం తండ్రి బిడ్డని ఎత్తుకునో, చెయ్యి చాపితే అందేంత దూరంలోనో ఉంటాడు. అక్కడ భార్యాభర్తలిద్దరూ కలిసి వలలతో వేటకి వెళ్తారు, పని కలిసే ఉంది కాబట్టి బిడ్డ కూడా ఇద్దరి మధ్యే ఉంది. మళ్ళీ నేను పొద్దున చెప్పిన చోటికే వచ్చాం చూడండి, పని ఎక్కడుందో నాన్న అక్కడ.

ఒంటరిపడవ — రాత్రి 9:15

ఇక్కడ ఎప్పుడూ చదవడమే, రాయడం మొదటిసారి. మేం విడిపోయి మూడేళ్ళు, పాప వారంలో నాలుగు రోజులు నా దగ్గర. దానికి ఆరేళ్ళు. జడ వెయ్యడం నాకు రాదు, కర్టెన్ కట్టే తాడు మూడు పాయలు చేసి కిటికీ ఊచకి కట్టి రాత్రిళ్ళు ప్రాక్టీస్ చేశా. తాడు మీద బ్రహ్మాండంగా వచ్చేది, తాడు తల తిప్పదు కదా. మొదటివారం స్కూల్‌కి వెళ్ళేసరికే సగం ఊడిపోయేది, పాప ఏమీ అనలేదు, క్లాసులో ఇంకో అమ్మాయి సరిచేసేదట. ఇప్పుడు కళ్ళుమూసుకుని వేస్తా.

బాధ ఎక్కడంటే, స్కూల్లో పాపకి జ్వరం వస్తే నాకు ఫోన్ చెయ్యరు, రెండు గంటల దూరంలో ఉన్న వాళ్ళమ్మకి చేస్తారు, ఆవిడ నాకు చేస్తుంది, నేను పది నిమిషాల్లో ఉంటా. ఫారంలో మొదటి నంబరు నాదే రాశా. "అంటే సార్, మామూలుగా మదర్‌కే చేస్తాం" అంటారు. నాన్నలు మారాలి అంటున్నారు, మారినవాడికి కూడా కూర్చోడానికి కుర్చీ వెయ్యాలి కదండీ.

లెక్కలటీచర్ — 9:40

మీ పోస్ట్ మా స్టాఫ్ రూంలో చదివి వినిపిస్తా. మేమూ అదే చేస్తాం, ఇప్పటిదాకా ఆలోచించలేదు. సిగ్గేసింది.

ఎదురువాదం — 10:02

ఒంటరిపడవ గారూ ఆ జడ సంగతి చదివాక వాదించబుద్ధి కావట్లేదు. మా నాన్నంటే నాకు భయమే, బెల్టు ఉండేది తలుపు వెనక మేకుకి. ఆ భయమే నన్ను నిలబెట్టింది అని నలభై ఏళ్ళుగా చెప్పుకుంటున్నా. మా అబ్బాయికి మాత్రం ఆ మేకు కూడా చూపించలేదు, పీకేశా. ఎందుకు పీకానో ఆలోచించడం ఇష్టం లేదు. గుడ్ నైట్.

గోడమీదపిల్లి — 10:30

ఎవరూ మీరు-నువ్వు గురించి మాట్లాడలేదేంటి. మా తాతని మా నాన్న "అయ్యా" అనేవాడు, ఎదురుగా కూర్చునేవాడు కాదు. నేను మా నాన్నని "మీరు" అంటా. నా కొడుకు నన్ను "నువ్వు ఆగు నాన్నా, నీకు తెలీదు" అంటాడు. మూడు తరాల్లో ఎంత దూరం వచ్చామో ఒక్క సర్వనామంలో ఉంది. మొన్న మావాడు వాళ్ళ తాతని కూడా "నువ్వు" అన్నాడు, నా గుండె ఆగింది, మా నాన్న మాత్రం పలికేశాడు మామూలుగా, ఇంకోసారి పిలిపించుకోవాలన్నట్టు రెండోసారి వినపడనట్టు కూడా నటించాడు.

పాతచెప్పులు — మర్నాడు ఉదయం 7:10

లెక్కలటీచర్ అమ్మాయీ, ఫోన్ చేశాను. చెప్పుల సంగతి చెప్పబోయి, అక్కడ వానలు ఎలా ఉన్నాయి అని అడిగి పెట్టేశాను. మళ్ళీ ఆదివారం చేస్తాను.

నిద్రలేనినాన్న — మర్నాడు రాత్రి 10:48

అందరివీ చదివా, చాలాసార్లు. ఇవాళ జరిగింది చెప్పి ఆపేస్తా.

సాయంత్రం పాపకి గోళ్ళు మళ్ళీ గీసుకుంటున్నాయి, అమ్మ బయటికెళ్ళింది, నాకు తియ్యడం భయం. రిహార్సల్ వెయ్యకుండా అడిగేశా, నాన్నా ఇది ఎలా పట్టుకోవాలి అని. నాన్నా అనే వచ్చింది, గారు రాలేదు. ఆయన గమనించారో లేదో. మరి మీకు ఇంత ఓపిక ఎక్కణ్ణుంచొచ్చింది అని కూడా అడిగేశా, గొంతులో కాస్త కోపం ఉంది, ఉండే ఉంటుంది.

నేను పెద్ద సమాధానం ఏదో వస్తుందనుకున్నా. ఆయన "మీ అమ్మ నేర్పింది, పోయిన నెల" అన్నారు. "తీసి పెడతావా లేదా అని చేతిలో పెట్టింది. నేను చెయ్యలేనన్నాను. నా గోళ్ళ మీదే వారం రోజులు తీయించింది." అంతే. దాచిందేం లేదన్నమాట, కొత్తగా నేర్చుకున్నదే. నాకు చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది, ముప్ఫై నాలుగేళ్ళుగా లేనిదాన్ని ఎక్కడ దాచారా అని వెతుకుతున్నా నేను.

చూపించడానికి నా చెయ్యి తీసుకున్నారు. ఆయన చెయ్యి అంత గరుగ్గా ఉంటుందని నాకు తెలీదు. గోరు కింద కండని బొటనవేలితో వెనక్కి నొక్కాలి, అప్పుడు కత్తెర కండకి తగలదు, ఇదిగో ఇలా, అని చూపుడు వేలు గోరు తీశారు. పాప కింద కూర్చుని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. కళ్ళజోడు పెట్టుకోలేదాయన, కాస్త లోపలికి కోసేశారు, ఇప్పుడు ఇది టైప్ చేస్తుంటే మండుతోంది.